ట్రక్కు దిగిన సంతకం

కిందటి భాగంలో, రోవెనాకు ఉత్తరం దొరికిన చోట ఆగాం. ఆమె మొగుడు లాండిస్ వెల్డింగు కడ్డీలు దాచుకునే ఇనప డబ్బా అడుగున, నూనె మరకల గుడ్డ కింద, నాలుగు మడతలు పడి ఉందది. పదకొండు నెలల కిందటి ఉత్తరం. భార్యాభర్తలిద్దరి పేర్లతోనూ వచ్చింది, చదివింది మాత్రం ఒక్కరే. మీకు తిరిగి రావలసిన పన్ను సొమ్ము రెండువేల ఎనిమిది వందల నలభై డాలర్లను పాత బాకీ కింద జమ చేసుకున్నామని అందులో సంగతి.

ఆ బాకీ లాండిస్‌ది. రోవెనా మొహం కూడా ఎరగని రోజుల్లో, మొదటి పెళ్ళాంతో కాపురం చేస్తూ, పశువులు కొంటానని ప్రభుత్వం దగ్గర చేసిన అప్పు. పశువులు పోయాయి. ఆ పెళ్ళామూ వదిలిపోయింది. అప్పు మాత్రం నిలిచింది.

సొమ్ము రోవెనాది. స్కూలు బస్సు తోలే జీతంలోంచి నెలకు రెండుసార్లు, నూట ముప్పై డాలర్ల చొప్పున, పన్ను కింద అదనంగా కోసుకోండని ఆమే ఆఫీసులో రాసిచ్చింది. వాళ్ళుండే టర్కీ ఫోర్క్ లోయలో చాలామంది ఆడవాళ్ళు చేసే పనే. ఇంట్లో ఉంటే ఖర్చయిపోతుంది, బ్యాంకులో ఉంటే మొగుడికి తెలిసిపోతుంది, సర్కారు దగ్గరుంటే ఎవరి చెయ్యీ పడదు, వసంతానికల్లా మొత్తం తిరిగొస్తుంది అని వాళ్ళ లెక్క. ఆ డబ్బుతో బోరు వేయించాలని రోవెనా ఆశ. పాత బోరు ఎండి రెండేళ్ళయింది. రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు ట్రక్కులో ట్యాంకు పెట్టుకుని ఊళ్ళోంచి నీళ్ళు మోస్తోంది.

"ఆఫీసులో ఆలస్యమవుతోందట" అని లాండిస్ పదకొండు నెలలు చెప్పాడు. నమ్మింది. ఈ ఏడూ జీతం కోయించుకుంటూనే ఉంది.

ఉత్తరం దొరికిందని ఆమె ఎవరితోనూ అనలేదు. మడతలు ఉన్నవి ఉన్నట్టే పెట్టి, కోటు జేబులో వేసుకుని, శనివారం దాకా ఆగింది.

*

టర్కీ ఫోర్క్‌లో పన్ను కాగితాలన్నీ దాణా కొట్టు వెనక గదిలో తయారవుతాయి. ఇమోజీన్ స్టకీ అనే ఆవిడ ముప్పై ఏళ్ళుగా అక్కడ ఒక బల్ల వేసుకుని ఆ పని చేస్తోంది. మొదట పెన్సిలుతో చేసేది, ఇప్పుడు కంప్యూటరుతో చేస్తోంది. పెన్సిలు మాత్రం చెవి మీదే ఉంటుంది.

అక్కడొక పద్ధతి ఉంది. మగవాడు బూట్ల అట్టపెట్టెలో రసీదులు వేసుకుని లోపలికి వెళతాడు. ఆడమనిషి హీటరు వేసుకుని ట్రక్కులో కూర్చుంటుంది. పని అయ్యాక అతను కాగితం పట్టుకుని బయటికొస్తాడు. ఆమె అద్దం దించుతుంది. ఇమోజీన్ పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట, డాష్‌బోర్డు మీద ఆనించి సంతకం చేస్తుంది. దాన్ని పద్ధతి అని ఎవరూ అనుకోరు. బయట చలి కదా, అందుకని అనుకుంటారు. ఏప్రిల్లో వచ్చినా అలాగే చేస్తారు.

రోవెనా తొమ్మిదేళ్ళు అలాగే చేసింది.

ఆ శనివారం పొద్దున పదింటికి ట్రక్కు దాణా కొట్టు ముందు ఆగింది. తోలింది లాండిస్. మధ్యలో అతని తల్లి ఓపల్, ఈ చివర రోవెనా. కోళ్ళ మేత కావాలని ఓపల్ బయలుదేరింది. లాండిస్ సీటు వెనక నుంచి అట్టపెట్టె తీశాడు. పెట్టె మరీ తేలిగ్గా లేచింది. రోవెనా చూసింది.

"అరగంటలో వచ్చేస్తా" అన్నాడు లాండిస్.

అతను నాలుగడుగులు వేశాక వెనక నుంచి ట్రక్కు తలుపు చప్పుడైంది. రోవెనా దిగింది.

"ఎక్కడికే? గడ్డ కట్టుకుపోతావ్" అంది ఓపల్.

"లోపల పొయ్యి ఉందిగా అత్తా."

"ఆడది లోపలికెళ్ళి ఏం చేస్తుంది?"

"కుర్చీ ఉంటే కూర్చుంటా."

లాండిస్ ఆగి వెనక్కి చూశాడు. "ఏంటి రోవీ? ఏమన్నా కావాలా?"

"కావాలి. పద."

*

లోపల పొయ్యి దగ్గర దాణా బస్తాల మీద డెన్వర్ యోకమ్ కూర్చుని ఉన్నాడు. ఎనభై ఏళ్ళవాడు. ఊరంతా అతన్ని మామ అనే పిలుస్తుంది. శనివారం అతను కొనేదీ ఉండదు, అమ్మేదీ ఉండదు. ఎవరికి పన్ను తిరిగొస్తుందో, ఎవరు కట్టాలో, వాళ్ళు బయటికొచ్చేటప్పుడు నడిచే తీరును బట్టి చెప్పేస్తాడు.

"ఇదేంటోయ్ లాండిస్, ఇవాళ సంతకం నడుచుకుంటూ వచ్చిందే!" అన్నాడు.

లాండిస్ నవ్వలేదు. రోవెనా ఇమోజీన్ బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉన్నది ఒకటే కుర్చీ. లాండిస్ అట్టపెట్టె చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. వెనకాలే ఓపల్ కూడా వచ్చి, కోళ్ళ మేత బస్తాల దగ్గర ఏ బస్తా అంటే ఆ బస్తా తడుముతూ నిలబడింది.

"మిస్ ఇమోజీన్, నా కాగితం విడిగా వేయండి" అంది రోవెనా. "నాది నాకు. ఆయనది ఆయనకు."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఇమోజీన్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"రోవీ, మనం ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు లాండిస్. "ఇంటి గుట్టు బజార్లో పెట్టకు."

"ఇంటి గుట్టు కడ్డీల డబ్బాలో పెట్టావుగా. అక్కడే దొరికింది." ఉత్తరం తీసి బల్ల మీద పరిచింది. మడతల దగ్గర చిరుగుతోంది.

లాండిస్ దాన్ని ముట్టుకోలేదు. ఇమోజీన్ చదివింది. చదవనక్కర్లేదన్నట్టు తొందరగా చదివింది.

"నీకు తెలియదా అమ్మాయ్?"

"మీకు తెలుసా?"

"ఇలా అవుతుందని అనుకున్నా. పాత బాకీ ఉన్న మనిషితో జంటగా కాగితం వేస్తే వచ్చేదంతా బాకీకి పోతుంది. ఎవరి జీతంలోంచి కోసిందని చూడరు. పోయినేడే నీకు చెప్పాల్సింది." ఇమోజీన్ కిటికీలోంచి ట్రక్కు వైపు చూసింది. "బయట కూర్చున్న మనిషికి ఏమని చెప్పను? మీ ఆయనకు చెప్పా. నేను చెప్తాలే అన్నాడు."

"చెప్పాడు. ఆఫీసులో ఆలస్యమని."

డెన్వర్ దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

"ఇప్పుడు చెప్పండి. నా ముందున్న దారులేంటి?"

ఇమోజీన్ చెవి మీది పెన్సిలు తీసి పాత కవరు వెనక రాసింది. "జంటగా వేస్తే నాలుగు వేల చిల్లర వస్తుంది, కాగితం మీద. చేతికి రాదు. విడిగా వేస్తే నీకు మూడువేల నూట అరవై. దాన్ని ఆయన బాకీ తాకదు. ఇంకోటుంది. జంటగానే వేసి, నా వంతు నాకివ్వండని వేరే కాగితం జత చేయొచ్చు. మొగుడి బాకీకి దెబ్బతిన్న పెళ్ళాం కాగితమన్నమాట. మూణ్ణెల్లు పడుతుంది గానీ వస్తుంది."

"ఆ లెక్కన ఈ లోయలో ఆడవాళ్ళందరికీ తలా ఒకటి కావాలి" అన్నాడు డెన్వర్.

"నువ్వు నోరు మూస్తే నీ పెళ్ళానికి ఒకటి తగ్గుతుంది మామా" అంది ఇమోజీన్, తలెత్తకుండానే.

లాండిస్‌కు ఊపిరి వచ్చినట్టయింది. "చూశావా! జంటగా వేసినా నీది నీకొస్తుంది. విడిగా అంటే పదిమందీ ఏమనుకుంటారు? లాండిస్ ప్రూయిట్ పెళ్ళాం విడాకులకు తయారవుతోందనుకోరూ?"

"జంటగా వేస్తే ఆ కాగితంలో ఉన్నదానికంతా నేనూ పూచీనే కదా మిస్ ఇమోజీన్?"

"అంతా. ఆయన రాయనిదానికి కూడా. రేపు తేలితే ఇద్దర్నీ అడుగుతారు. ఎవరి దగ్గరుంటే వాళ్ళ దగ్గర వసూలు చేస్తారు."

రోవెనా మొగుడి వైపు తిరిగింది. "పోయిన ఎండాకాలం పన్నెండు గేట్లు వెల్డింగ్ చేశావు. నాలుగు ట్రైలర్లు. అంతా రొక్కం. ఆ పెట్టెలో ఎన్ని రసీదులున్నాయి?"

ఆమె పెట్టె లాక్కుని మూత ఎత్తింది. అడుగున రెండు పెట్రోలు చీటీలున్నాయి.

"నాకు భూమి ఉంది లాండిస్. మా అమ్మ ఇచ్చిన నలభై ఎకరాలు. నీకేముంది, వసూలు చేసుకోడానికి?"

ఓపల్ ఇక ఆగలేకపోయింది. మేత బస్తా వదిలేసి వచ్చింది. "నలభై ఆరేళ్ళు మీ మామ కాగితం మీద సంతకం పెట్టాను. ఒక్క ముక్క చదవలేదు. మొగుడి పేరు కింద పేరు రాయడానికి చదువెందుకు?"

"అందుకే అత్తా, ఆయన పోయాక ఆయన పన్ను బాకీ మూడేళ్ళు నువ్వు కట్టావు. బొంతలు కుట్టి కట్టావు. నేను చూడలేదూ?"

ఓపల్ మూతి ముడిచింది. చేతి తొడుగులు తీసి మళ్ళీ తొడుక్కుంది. ఆ వేళ్ళు ఇప్పటికీ సూదిని పట్టుకున్నట్టే వంగి ఉంటాయి.

"విడిగానే వేయండి" అంది రోవెనా. "ఎనిమిది వందలు తక్కువొస్తే రానీ. నా పేరు నాది. ఇంకోటి, పోయినేడు పోయినదానికి ఆ దెబ్బతిన్న పెళ్ళాం కాగితం ఇప్పుడు వేయొచ్చా?"

ఇమోజీన్ మొదటిసారి నవ్వింది. "వేయొచ్చు. ఇంకా గడువుంది."

"అదీ వేయండి."

"వచ్చేవారం చేద్దాం రోవీ" అన్నాడు లాండిస్. గొంతు మారింది. బతిమాలడం కాదది. దారికి అడ్డం పడటం. "ఒక్క వారం ఆగు. వారంలో కొంపలేం మునగవు."

"పదకొండు నెలలు ఆగాను."

*

ఇమోజీన్ వేళ్ళు మీటల మీద మెల్లగా నడిచాయి. అంకెలు అడిగింది, రోవెనా చెప్పింది. సంతకం పెట్టవలసిన కాగితం వచ్చింది. ఇమోజీన్ అలవాటు కొద్దీ పెన్సిలు తీసి, ఇంటూ గుర్తు పెట్టబోయి ఆగింది. కాగితం తిప్పి రోవెనా ముందుకు తోసింది. రోవెనా మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదివింది. ఆమె చదువుతున్నంతసేపూ గదిలో ఒక్కరూ కదల్లేదు. డెన్వర్ మామ కూడా పొగాకు నమలడం ఆపాడు.

సంతకం చేసింది. ఇమోజీన్ మీట నొక్కింది. "అయిపోయింది. పది నిమిషాల్లో అందిందని జవాబొస్తుంది."

పది నిమిషాలు కాలేదు, ఎనిమిదికే వచ్చింది. ఇమోజీన్ తెర దగ్గరికి వంగింది. ఇంకా వంగింది.

"తిరగ్గొట్టారు."

"ఏం?"

"ఈ ఏడాదికి నీ నంబరుతో ఇంతకు ముందే ఒక కాగితం వేశారట. దాంట్లో నువ్వు భార్యవి."

రోవెనా తెర వంక చూడలేదు. లాండిస్ వంక చూసింది. అతని చెవులు ముందు ఎర్రబడ్డాయి, తరవాత మెడ. తొమ్మిదేళ్ళ కాపురంలో అతని అబద్ధాలు అక్కడే బయటపడతాయని ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఎప్పుడు?"

"రోవీ..."

"ఎప్పుడు లాండిస్?"

"మూడు వారాలైంది. జిల్లా కేంద్రంలో ఒక కొట్టుంది. అక్కడే కాగితం వేసి, తిరిగొచ్చేదాని మీద ముందే డబ్బిస్తారు. మూడు వేలిచ్చారు."

"నా సంతకం?"

"ఫోన్లో అక్షరాలు కొట్టడమే కదా. నేనే కొట్టా. ఇవాళ ఊరికే లోపలికొచ్చి, పనైందని నీకు చెబుదామనుకున్నా."

"నీ బాకీ సంగతి వాళ్ళకు చెప్పావా?"

"పోయినేడుతో తీరిపోయిందనుకున్నా."

ఇమోజీన్ ఉత్తరం తిప్పి, అడుగునున్న వరస మీద పెన్సిలు పెట్టింది. ఇంకా పదకొండు వేల నాలుగు వందలు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పెళ్ళాం సొమ్ము తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. ఆ తిరిగొచ్చేది సర్కారు లాగేసుకుంటే, కొట్టువాడు వచ్చి ఇద్దరి గుమ్మం ముందూ కూర్చుంటాడు.

"మూడు వేలేవి?" అంది రోవెనా.

లాండిస్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"బోరుకిచ్చా. లేస్టర్‌కి. తొమ్మిది వేలన్నాడు, మూడోవంతు ముందివ్వమన్నాడు. నీకు చెప్పకుండా వేయించి, పంపు తిప్పి చూపిద్దామనుకున్నా. నీళ్ళ కోసమే చేశా రోవీ. నువ్వు మోస్తుంటే చూళ్ళేక చేశా."

రోవెనా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ట్యాంకు గొట్టం పట్టీపట్టీ అరచేతుల్లో కాయలు కట్టాయి. అతను అబద్ధమాడటం లేదు. చెవులు తెల్లబడ్డాయి. ఆ సంగతే ఆమెకు ఎక్కువ కష్టమైంది. తాగుడుకో పేకాటకో తగలేసి ఉంటే కోపం తేలిగ్గా ఉండేది.

"ఇంకేం, మొగుడు నీళ్ళ కోసమే చేశాడుగా!" అంది ఓపల్. "ఇక్కడితో వదిలెయ్."

రోవెనా లేచింది.

"నీళ్ళు నేనడిగాను. నా పేరు రాయమని అడగలేదు. దప్పికైతే బావి తవ్వుతారు అత్తా, పక్కింటి గోడ తవ్వరు." ఇమోజీన్ వైపు తిరిగింది. "ఇప్పుడు నేనేం చేయాలి?"

"కంప్యూటరులో పోదు. కాగితం మీద అచ్చు తీసి, నీ చేత్తో సంతకం పెట్టి, పోస్టులో పంపాలి. నీ ఒప్పుదల లేకుండా వేసిన జంట కాగితం చెల్లదు. కానీ..." ఇమోజీన్ లాండిస్ వైపు చూసి, గొంతు తగ్గించింది. "రెండూ చూసి వాళ్ళు అడుగుతారు. నువ్వు నిజం చెప్తావు. ఒకరి సంతకం ఇంకొకరు పెడితే ఏమవుతుందో తెలుసుగా? నీ మొగుడి మెడకు చుట్టుకుంటుంది."

"రోవీ, వద్దు" అన్నాడు లాండిస్.

"నా మెడకు చుట్టుకున్నప్పుడు నువ్వు పదకొండు నెలలు చూస్తూ ఊరుకున్నావు. అచ్చు తీయండి మిస్ ఇమోజీన్."

అచ్చు తీసింది. రోవెనా నల్ల సిరాతో, నొక్కి పెట్టింది సంతకం. అవతలి వైపుకి కూడా అచ్చు పడింది. పోయినేడాదికి వేసే కాగితం మీద ఇంకోటి. రెండూ కవర్లలో పెట్టి అంటించింది. గోడ గడియారం పదకొండూ ఇరవై. శనివారం పోస్టాఫీసు పదకొండున్నరకు మూసేస్తారు.

లాండిస్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పెద్ద మనిషి, గుమ్మమంతా నిండాడు.

"జరుగు."

అతను జరగలేదు. అప్పుడు డెన్వర్ మామ బస్తాల మీంచి లేచాడు. మోకాళ్ళు కిర్రుమన్నాయి. "జరగవోయ్" అన్నాడు నెమ్మదిగా. "నేను యాభై ఏళ్ళుగా ఈ తలుపులోంచి పోయేవాళ్ళను చూస్తున్నా. ఇంత నిటారుగా పోయేవాళ్ళను చూళ్ళేదు. చూడనీ."

లాండిస్ జరిగాడు.

రోవెనా రోడ్డు దాటింది. పోస్టాఫీసు కిటికీ వెనకున్న ఆవిడ షట్టరు సగం దించి, ఆమెను చూసి మళ్ళీ ఎత్తింది. కవర్ల మీద ముద్ర పడింది, ఒకటి, రెండు. రిజిస్టరు రసీదు మడిచి ఉత్తరం ఉన్న జేబులోనే వేసుకుంది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఊపిరి పీల్చింది. చలికి ఊపిరితిత్తులు చురుక్కుమన్నాయి. బాగానే ఉంది.

*

తిరిగొచ్చేసరికి లాండిస్ కొట్టు బయట, ట్రక్కు పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆమెను చూసి ఫోను చాటు చేయబోయాడు. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చేశాడు.

"ఎవరూ?"

"లేస్టర్నమ్మా, బోరు బండి లేస్టర్ని. మీ గేటు దగ్గరున్నాం. సోమవారం వర్షమంటున్నారని ఇవాళే వచ్చేశాం. ఎక్కడ దించమంటారు? ఇంటి వెనకా, కొట్టం పక్కనా?"

"ఎక్కడా దించకండి."

"అదేంటమ్మా? మూడో వంతు ముట్టింది, మిగతా ఆరు వేలకు మీ నలభై ఎకరాలు హామీ రాసిచ్చారుగా. నా చేతిలోనే ఉంది కాగితం. కింద మీ సంతకం, పక్కన సాక్షి సంతకం."

రోడ్డు మీద గడ్డిమోపుల లారీ వెళ్ళింది. అది దాటేదాకా ఆగి, రోవెనా ఒక్కో మాటే పలికింది. "లేస్టర్, ఇంజను ఆపు. ఆ కాగితం ఎవరికీ ఇవ్వకు, తిరిగివ్వమని నీకు ఎవరు చెప్పినా సరే. నేనొస్తున్నా."

ఫోను లాండిస్ చేతిలో పెట్టి, తాళాల కోసం అరచెయ్యి చాపింది. ట్రక్కు ఆమెది. అతను తాళాలిచ్చాడు.

"నన్నూ రానీ."

"నువ్వు నడిచి రా. ఆరు మైళ్ళు. ఏం చెప్పాలో ఆలోచించుకోడానికి సరిపోతుంది."

ఎక్కి తలుపు వేసుకుంది. అవతలి తలుపు తెరుచుకుంది. ఓపల్ ఎక్కుతోంది, మెట్టు అందక, పట్టుకోడానికి ఏమీ దొరక్క. రోవెనా చెయ్యి అందించింది. ముసలామె కూర్చుని, ఎదురుగా అద్దం వంకే చూస్తూ ఉండిపోయింది. కోళ్ళ మేత కొనడం మరిచిపోయింది.

బండి కదిలింది.

"ఆ సాక్షి సంతకం నాదే" అంది ఓపల్.

రోవెనా రోడ్డు వంకే చూస్తూ తోలింది.

"నీ సంతకం మాత్రం వాడు పెట్టలేదు. అది ఫోన్లో కొట్టేది కాదు కదా. భూమిగల ఆడమనిషే ఎదుట ఉండి పెట్టాలన్నారు. ఒకావిడ వచ్చింది. నా కళ్ళెదుటే నీ పేరు రాసింది. ఈవిడే రోవెనా ప్రూయిట్ అని నేను సాక్ష్యం చెప్పాను."

"ఎవరావిడ?"

"ముందు ఇల్లు చేరనీ. పేరు చెప్పాక నువ్వు బండి తోలలేవు."

రోవెనా గేరు మార్చింది. "పద్నాలుగేళ్ళుగా నలభై మంది పిల్లల్ని వెనకేసుకుని ఈ కొండల మీద మంచులో తోలుతున్నాను. చెప్పు అత్తా."

ఓపల్ చెప్పింది. లాండిస్ మొదటి పెళ్ళాం పేరది.

ముందు కూడలి వచ్చింది. ఎడమకు తిరిగితే ఇల్లు, గేటు దగ్గర బోరు బండి. రోవెనా బండిని కుడికి, ఆవిడ ఉండే వైపు తిప్పింది.